పేరయ్య నమ్మని బండి

మా షెడ్డులో చేరిన మొదటిరోజు పేరయ్యగారు నాతో అన్న మొదటి మాట, "ఇది అబద్ధం చెబుతోందండి."

ఇది అంటే బండి మీది తెర. విజయవాడ ఆటోనగర్‌లో మేము తయారుచేస్తున్న కరెంటు స్కూటర్‌కి హ్యాండిల్ మధ్యలో ఏడంగుళాల తెర ఉంటుంది. బ్యాటరీ ఎంత మిగిలిందో, ఇంకా ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో అందులో కనబడుతుంది. ఆరోజు నూటనలభై అని చూపిస్తోంది. ఆ లెక్క రాసింది నేనే. పటమటలో పుట్టి, చెన్నైలో చదివి, నాలుగేళ్లు బ్యాటరీల మీదే పనిచేసి వచ్చినదాన్ని. యాభై ఎనిమిదేళ్ల పెట్రోలు మెకానిక్కు బండి ఎక్కకుండానే నా లెక్క తప్పంటే ఒళ్లు మండదూ?

"ఎక్కకుండానే ఎలా చెప్పారు?" అన్నాను.

"అదేనండి నేననేదీ. నేనెంత బరువున్నానో, వెనకాల మా ఆవిడ కూర్చుంటుందో లేదో దానికింకా తెలీదు కదా. తెలీకుండా చెప్పేదాన్ని ఏమంటారు మరి?"

మర్నాడు ఆయన సీటు మీద పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు కట్టుకుని కరకట్ట రోడ్డు పట్టుకుని అవనిగడ్డ వైపు వెళ్లాడు. తిరుగుదారిలో నూట మూడో కిలోమీటరు దగ్గర బండి ఆగిపోయింది. దాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వచ్చి, నా బల్ల ముందు నిలబడి, చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ అంకె రాసుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆయన్ని పనిలో పెట్టుకున్నది మా యజమాని వెంకటసుబ్బారావుగారు. గుడివాడ దగ్గర రైసుమిల్లుల కుటుంబం వాళ్లది. మొగుడూ పెళ్లాం, మధ్యలో పిల్లాడు, కాళ్ల దగ్గర కూరగాయల సంచి, ఇదీ మన డెల్టాలో స్కూటరంటే, మామూలు స్కూటరు వీళ్లకి చాలదు అని ఆయన వాదన. అందుకే మాక్సీ స్కూటర్ తలపెట్టాడు. పొడుగాటి సీటు, పెద్ద చక్రాలు, ఎదురుగాలి మొహాన కొట్టకుండా ముందొక అద్దం, సీటు కింద రెండు హెల్మెట్లు పట్టే చోటు, కాళ్లు పెట్టుకునే పలక కింద బ్యాటరీ. షెడ్డులో అందరం దాన్ని పెద్దబండి అనేవాళ్లం. దాన్ని రోజూ తోలి తప్పులు పట్టడానికి, ఆటోనగర్‌లోనే ముప్ఫై ఏళ్లు సొంత షాపు నడిపిన పేరయ్యగారిని తెచ్చాడు. ఈయనకి కరెంటు గురించి ఏం తెలుసని నేను అడిగితే, "నమ్మేవాళ్లు మనకి పదిమంది ఉన్నారమ్మా. నమ్మనివాడు ఒక్కడు కావాలి," అన్నాడు.

నమ్మనివాడంటే అలా ఇలా కాదు. కాఫీ కొట్టు దగ్గర గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసేవాడు. పెట్రోలు బంకులో మీటరుకి మొహం ఆనించి నిలబడేవాడు. "పెళ్లిచూపుల్లో నన్ను గది చివరిదాకా నడిపించి చూశాడమ్మా, కుంటిదాన్నేమోనని," అని ఆయన భార్య కొండలమ్మగారు ఇప్పటికీ నవ్వుతుంది. ఆయన ఊరు నాగాయలంక దగ్గర సముద్రపు రేవు. తండ్రి చేపల వేటకెళ్లేవాడు. వాతావరణం బాగుంటుందని రేడియో చెప్పిన రోజునే తండ్రి పడవ తిరగబడిందట. తండ్రి ఈదుకుంటూ బయటపడ్డాడు గానీ, పేరయ్యగారు మాత్రం ఆ తర్వాత ఎవరి మాటా వినలేదు.

మా బండి విషయంలో ఆ బుద్ధి నిజంగానే పనికొచ్చింది. బ్రేకు పట్టినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వస్తుందని నేను చెబితే, "ఖర్చుపెట్టింది తిరిగి రావడం నేనెక్కడా చూళ్లేదండి," అని ఫ్లైఓవర్ మీంచి ఇరవైసార్లు దిగాడు. "వస్తోందండి. మీరు చెప్పినంత లేదు," అన్నాడు. నేను పన్నెండు శాతం అన్నాను, ఏడే వస్తోంది. మే నెల ఎండలో ఒకరోజు తిరిగొచ్చి, పలక కింద చెయ్యి తిప్పి పెట్టి చూసి, ఎడమ మూల కాలిపోతోందన్నాడు. నా తెర మీద అంతా చల్లగానే ఉంది. విప్పి చూస్తే వేడి కొలిచే సెన్సరు కుడిపక్క, గాలి తగిలేచోట ఉంది. అది నా తప్పు. ఇంకో మూడు సెన్సర్లు పెట్టాం. ఆరోజు నుంచి నాకు ఆయనంటే గౌరవం, కొంచెం భయం కూడా. ఆయన పరీక్ష కాగితం మీద ఎప్పుడూ ఓకే అని రాయలేదు. "ఇప్పటికి బాగుంది" అని రాసేవాడు.

వానలు తగ్గాక, అక్టోబరులో పన్నెండు బండ్లు పన్నెండుమందికి వాడిచూడమని ఇచ్చాం. మూడునెలలు ఇబ్బంది లేకుండా తిరిగితే అమ్మకం మొదలుపెట్టాలని యజమాని ఆలోచన. బండ్లని పేరయ్యగారే స్వయంగా తోలుకెళ్లి ఇంటి దగ్గర అప్పగించాడు. మధ్యలో కొండలమ్మగారి కంటి ఆపరేషన్‌కి వారం సెలవు పెడితే, ఆ వారం వెళ్లాల్సిన అయిదింటినీ వేరేవాళ్లు అప్పగించారు.

మొదటి ఫోను భవానీపురం నుంచి, ఉషశ్రీ అనే బ్యాంకు ఉద్యోగిని చేసింది. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకుందట, సగం కూడా ఎక్కకుండా ఆగిపోయిందట. "పొద్దున్నే ఆటో ఎక్కి పోయానండి. ఇంత పెద్ద బండి ఇంట్లో పెట్టుకుని!" అంది. బండి ఇచ్చి అప్పటికి తొమ్మిదిరోజులు. ఆ తర్వాత కంకిపాడు, ఆ తర్వాత వన్ టౌన్. రెండు వారాల్లో ఏడు బండ్లు అదే జబ్బుతో షెడ్డుకి తిరిగొచ్చాయి. షెడ్డులో మేము రోజూ తోలే రెండు బండ్లకి మాత్రం ఏమీ కాలేదు.

ముందుభాగంలో, చిన్న మూత కింద ఛార్జింగ్ సాకెట్ ఉంటుంది. మూత తీసి చూస్తే లోపలి పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. చిలుము వల్ల పిన్నుల మధ్య కరెంటు కారుతోంది. అది గమనించి బ్యాటరీ తనంతట తనే ఛార్జింగ్ ఆపేసుకుంటోంది. అంతవరకూ నాకు అర్థమైంది. చిలుము ఎందుకు పట్టిందన్నదే తెలియలేదు. మా సాకెట్లకి వెండి పూత. పైపుతో గంటసేపు నీళ్లు కొట్టి చూసినవే.

పేరయ్యగారికి మాత్రం వెంటనే తెలిసిపోయింది. "వెండి పూతకి తొమ్మిదిరోజుల్లో చిలుము పడుతుందాండీ? ఇవి మనం తెప్పించినవి కావు. వెండివి అమ్ముకుని ఎవరో మార్చేశారు."

ఎవరో అంటే మణికుమార్. షెడ్డులో వైరింగంతా అతనే చేసేవాడు. సాకెట్లున్న అలమర తాళం అతని దగ్గరే ఉండేది. ముప్ఫై రెండేళ్లు ఉంటాయి, తక్కువ మాట్లాడతాడు, వైరు ముడి వేస్తే చూడముచ్చటగా ఉంటుంది. పేరయ్యగారి ఊరే. చనిపోయిన స్నేహితుడి కొడుకని పేరయ్యగారే తెచ్చి పనిలో పెట్టించాడు. బాబాయ్ అని పిలిచేవాడు.

"మరి అయిదు బండ్లు బాగానే ఉన్నాయి కదా?" అన్నాను.

"అన్నీ మారిస్తే దొరికిపోడూ? దొంగకి ఆ మాత్రం తెలివి ఉండదా?"

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. అది పట్టుకున్నాక ఎదురుగా ఏం కనబడినా దానికే సరిపోతుంది. ఆ సాయంత్రం గేటు దగ్గర పదకొండుమంది చూస్తుండగా పేరయ్యగారు మణికుమార్ సంచి తెరిపించాడు. అన్నం డబ్బా, టెస్టరు, ఒక తువ్వాలు. అంతే. మణికుమార్ మొహం ఎర్రబడి, "ఏంటి బాబాయ్ ఇది?" అని గొంతు పెంచాడు.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటావేంరా?" అన్నాడు పేరయ్యగారు.

మర్నాడు యజమాని నన్ను పిలిచి సంగతేమిటని అడిగాడు. సాకెట్లని హైదరాబాదు ల్యాబుకి పంపించాం, మూడు వారాలు పడుతుందని చెప్పాను. "అప్పటిదాకా అలమర తాళం అతని చేతిలో ఉంచుదామా?" అన్నాడు. వద్దని నేనే అన్నాను. అతన్ని పని ఆపించే కాగితం మీద సంతకమూ పెట్టాను. మణికుమార్‌ని ఇంటికి పంపేశారు. నాకా రోజు మనసులో కొంచెం కూడా గుచ్చుకోలేదు. పేరయ్యగారు అంతకుముందు ఎప్పుడూ తప్పు చెప్పలేదు కదా అనుకున్నాను.

ల్యాబు నుంచి వచ్చిన కాగితం రెండుసార్లు చదివాను. పూత అసలైన వెండిదే. సాకెట్లు మేము తెప్పించినవే. పైన పేరుకున్నదాంట్లో పొటాషియం ఉంది, చక్కెర ఉంది.

చక్కెర! గిట్టనివాడి బండి పాడుచేయాలంటే పెట్రోలు ట్యాంకులో పంచదార పోస్తారని పాత మెకానిక్కులు చెప్పుకునే సంగతే. మా షెడ్డులో పాత మెకానిక్కు ఒక్కడే. బండ్లు అప్పగించిన తేదీలు తీసి చూశాను. పాడైన ఏడూ పేరయ్యగారు తోలుకెళ్లినవి. బాగున్న అయిదూ ఆయన సెలవులో ఉండగా వెళ్లినవి.

మొదటిరోజు నుంచీ ఈ బండిని అబద్ధం అన్న మనిషి. కరెంటు బండ్లు వస్తే ఆటోనగర్‌లో సగం షాపులు మూతపడతాయని పదిసార్లు అన్న మనిషి. తను చేసి ఇంకొకడి మీదికి తోశాడన్నమాట! ఎవరికీ చెప్పలేదు. చేస్తుండగా పట్టుకోవాలనుకున్నాను.

ఉషశ్రీ బండికి కొత్త సాకెట్ వేసి సిద్ధం చేశాం. ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి పేరయ్యగారు దాన్ని తీసుకుని బయలుదేరాడు. నేను మా నాన్న పాత స్కూటరు మీద, మొహానికి చున్నీ చుట్టుకుని వెనకాలే వెళ్లాను. వన్ టౌన్ దాటి భవానీపురంలోకి వచ్చాక ఆయన ఉషశ్రీ ఇంటివైపు తిరగలేదు. కృష్ణ ఒడ్డుకి తిప్పాడు. నీళ్లకి ఎదురుగా బండి ఆపి చుట్టూ చూశాడు. సీటు కింద నుంచి ఒక సంచి తీశాడు.

సంచిలోంచి కొబ్బరికాయ వచ్చింది.

చెప్పులు విడిచి, కాయని బండి చుట్టూ మూడుసార్లు తిప్పి రాయి మీద కొట్టాడు. ముందు మూత తెరిచి సాకెట్‌కి పసుపూ కుంకుమా పెట్టాడు. తర్వాత చిప్పలోని నీళ్లు, పసివాడికి పాలు పట్టినంత జాగ్రత్తగా, సాకెట్ లోపలికి వంచాడు.

"పేరయ్యగారూ!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. "మీరా! నా వెంటపడి వచ్చారా అమ్మాయిగారూ?"

"ఏం పోస్తున్నారందులో?"

"కొబ్బరినీళ్లండి." దొంగతనం దొరికినవాడిలా కాదు, చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు. "మీరు నవ్వుతారని చెప్పలేదు. మావాళ్లు కొత్త పడవ నీళ్లల్లోకి దించేముందు దాని ముక్కు మీద కొబ్బరినీళ్లు పోస్తారండి. ముందు అది తాగాలి, ఆ తర్వాతే మనం దాని మీద తినాలి అనేవాడు మా నాయన. పెట్రోలు బండయితే ఇంజను మీద పోసేవాణ్ణి. దీనికి నోరంటూ ఉన్నది ఇదొక్కటే కదండీ."

"అందుకని నోట్లో పోశారా?"

"ఈ బండి మీద నాకు నమ్మకం లేదండి. పిల్లలు ఎక్కుతారు, ఆడవాళ్లు ఎక్కుతారు. నేను చూడగలిగిందంతా చూశాను. చూడలేనిది ఆ కృష్ణమ్మ చూసుకుంటుందని..."

"ఎన్ని బండ్లకి పోశారు?"

"నేను అప్పగించిన అన్నిటికీ," అన్నాడు. ఏడని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. లెక్క ఆయనకీ వచ్చు.

అక్కడే నిలబడి చెప్పాను. మామూలు నీళ్లు ఎండిపోతే ఏమీ మిగలదు. కొబ్బరినీళ్లు ఎండినా వాటిలో ఉప్పూ తీపీ మిగులుతాయి. మంచు పడినప్పుడల్లా అవి తడిసి కరెంటుకి దారి ఇస్తాయి, ఆ కారే కరెంటే వెండి పూతని తినేసి లోపలి రాగికి చిలుము పట్టిస్తుంది. లోపల పడ్డ నీళ్లు కారిపోవడానికి సాకెట్ అడుగున చిన్న రంధ్రం ఉంది. దాన్ని కుంకుమ పూడ్చేసింది. ఆయన అంతా విని, తల అడ్డంగా ఊపాడు.

"నమ్మనండి. చూడాలి."

తన మీది నేరాన్ని కూడా పరీక్ష పెట్టకుండా ఒప్పుకోడు! షెడ్డులో ఉన్న రెండు బండ్లలో ఒకదానికి ఆయన చేత్తోనే కొబ్బరినీళ్లు పోయించాను, రెండోదానికి మామూలు నీళ్లు. రెండింటినీ మంచులో ఆరుబయట పెట్టాం. రోజూ పొద్దున్నే వచ్చి రెండు మూతలూ తెరిచి చూసి, చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. కాఫీ మానేశాడు. తొమ్మిదోరోజు పొద్దున కొబ్బరినీళ్ల బండి నలభై మూడు శాతం దగ్గర ఆగిపోయి ఉంది. రెండోది నిండుగా ఎక్కింది. ఆయన ఆ అంకె పుస్తకంలో రాసుకున్నాడు. "మణి ఎక్కడున్నాడండి?" అన్నాడు.

వన్ టౌన్‌లో ఆటోలకి హారన్లూ లైట్లూ బిగించే కొట్టులో ఉన్నాడు మణికుమార్. నేను కూడా వెళ్లాను, నా సంతకం ఉంది కాబట్టి. కొట్టు ముందు నలుగురు ఆటోవాళ్లు, కొట్టాయన. వాళ్లందరి ముందూ పేరయ్యగారు గట్టిగా చెప్పాడు. "ఒరే మణీ, తప్పు నాదిరా. నువ్వు ఏమీ తియ్యలేదు, ఏమీ మార్చలేదు. బండ్లు పాడుచేసింది నేనే." కొబ్బరికాయ సంగతి, పరీక్ష సంగతి అంతా చెప్పాడు. ఆటోవాళ్లలో ఒకడు నవ్వబోయి మానుకున్నాడు.

మణికుమార్ చేతిలో వైరు కింద పెట్టలేదు. "తొమ్మిదిరోజులు చూశావా బాబాయ్?"

"చూశాన్రా."

"నీ తప్పు నమ్మడానికి నీకు తొమ్మిదిరోజులు కావాలి. నా తప్పు నమ్మడానికి ఒక్కరోజు కూడా పట్టలేదు కదా."

పేరయ్యగారు తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. కృష్ణ ఒడ్డున నిజం నాకు మొదటిరోజే తెలిసింది. అప్పుడే ఒక ఫోను చేసి ఉండొచ్చు. పరీక్ష పూర్తికానీ అనుకున్నాను. ఆ తొమ్మిదిరోజులు ఇతనెలా ఉన్నాడో నాకు తట్టనే లేదు. సిగ్గేసింది.

"పనిలోకి రారా. యజమాని రమ్మన్నాడు," అన్నాడు పేరయ్యగారు.

"పని సంగతి తర్వాత. ముందు మా అమ్మకి చెప్పు. పేరయ్య ఊరికే అనడురా, ఏదో చూసే ఉంటాడు అంది. నెలరోజులైంది నాతో సరిగ్గా మాట్లాడి."

మణి తల్లి సంపూర్ణమ్మగారు భవానీపురంలో ఒక గది అద్దెకి తీసుకుని కొడుకుతో ఉంటోంది. మేము వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. పేరయ్యగారు ఆమె ఎదురుగా మెట్టు మీద కూర్చుని, కొట్టు దగ్గర చెప్పిందంతా మళ్లీ చెప్పాడు. "మణి బంగారం వదినా. పొరపాటు నాది," అన్నాడు.

ఆవిడ ఆకు ఒలవడం ఆపి ఆయన మొహంలోకి చూసింది. "వాడు పంపించాడా నిన్ను?"

"లేదు వదినా. నేనే వచ్చాను."

"నాతో ఇలా చెప్పమని వాడు నీ కాళ్లా వేళ్లా పడి ఉంటాడు. స్నేహితుడి కొడుకని జాలిపడి వచ్చావు. నువ్వు చూడందే అనవయ్యా, నాకు తెలీదా? నిప్పు లేందే పొగొస్తుందా?"

"నా మీద ఒట్టు వదినా. నమ్ము."

ఆయన నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, తొమ్మిదిరోజులూ రాసుకున్న పేజీ ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడకి చదువు రాదు. నేను చదివి వినిపించాను. సాకెట్, చిలుము, శాతం అంటూ వివరిస్తుంటే నాకే అది కట్టుకథలా వినిపించింది. పేరయ్యగారు మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఆ తర్వాత మూడోసారి కూడా చెప్పాడు.

సంపూర్ణమ్మగారు లేచి లోపలికి వెళ్లి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎండలో వచ్చారు, తాగండి అంది. కొండలమ్మ కన్ను ఎలా ఉందని అడిగింది. నమ్మానని మాత్రం అనలేదు.